మధ్యాహ్నపు మణికట్టుకి కొలవాల్సిన చైను

చైను వాచీ కొన్నవాళ్లు కొట్లో చెయ్యి చాపి అనే మాట ఒకటే: "కొంచెం టైట్ చేసివ్వండి." కౌంటర్ వెనక కుర్రాడు ఓసారి చేతికి పెట్టి చూస్తాడు. "రెండు లింకులు తీస్తే సరిపోద్దండి" అంటాడు. ఏసీ చల్లదనంలో అయిదు నిమిషాల్లో పని అయిపోతుంది. అద్దంలో చూసుకుంటే చేతికి పోతపోసినట్టు ఉంటుంది. బయటికొచ్చి బండి తీసి, విశాఖలో జగదాంబ నుంచి ఆర్టీసీ కాంప్లెక్సు దాకా ట్రాఫిక్కులో ఈదేసరికి అదే చైను కొరకడం మొదలుపెడుతుంది. సాయంత్రం తీసి చూస్తే మణికట్టు చుట్టూ లింకుల అచ్చు, ఇటుక గోడ గీసినట్టు.

కుర్రాడి తప్పేం లేదు. అతను ఆ నిమిషంలో ఉన్న మణికట్టుకి కొలిచాడు, ఆ కొలతకి సరిగ్గానే కుదించాడు. చిక్కంతా మణికట్టుతోనే వస్తుంది. పొద్దున ఉన్నంత ఉండదు మధ్యాహ్నం, జనవరిలో ఉన్నంత ఉండదు మేలో. ఆ తేడా ఎంత, దాన్ని చైనులో ఎక్కడ సర్దుకోవాలి అన్నది తేలితే మిగతా పనంతా పిన్నులు కొట్టడమే.

ముందు తేడా సంగతి. విశాఖలో మనల్ని బాధపెట్టేది ఎండ కన్నా ఉక్క. గాలిలో తేమ ఎక్కువ కాబట్టి పట్టిన చెమట ఆరదు, ఆరకపోతే ఒళ్లు చల్లబడదు. లోపలి వేడిని బయటికి పంపడానికి శరీరం చర్మం కిందికి రక్తం ఎక్కువగా తోస్తుంది, అక్కడి రక్తనాళాలు వెడల్పవుతాయి, వాటిలోంచి కొంత నీరు చుట్టూ ఉన్న కండలోకి చేరుతుంది. చేతులు కిందికి వేలాడేసుకుని నడుస్తుంటే ఆ నీరు వేళ్లలో, మణికట్టులో నిలుస్తుంది. బీచ్ రోడ్డులో నాలుగు కిలోమీటర్లు నడిచొచ్చినవాళ్లకి ఉంగరం వేలికి పట్టేసేది ఇందుకే. దీనికి ఉప్పు కూడా తోడవుతుంది. కొత్త ఆవకాయ కలిపేదీ ఉక్క ముదిరేదీ ఒకే నెలలో కావడం మణికట్టు చేసుకున్న పాపం.

నా చేతికి నేనే దారం చుట్టి, దాన్ని స్కేలు మీద పరిచి చూశాను. మే నెలలో ఓ ఆదివారం, పొద్దున ఆరింటికి 166 మిల్లీమీటర్లు. మధ్యాహ్నం మూడింటికి, పూర్ణా మార్కెట్ దాకా వెళ్లి కూరలు తెచ్చాక, 171. అయిదు మిల్లీమీటర్లే కదా అనిపిస్తుంది. కానీ చైనులో ఒక లింకు పొడవు, మోడల్‌ని బట్టి, ఇంచుమించు 8 నుంచి 10 మిల్లీమీటర్లుంటుంది. అంటే ఒక్క రోజులోనే నా చెయ్యి సగం లింకు మేర లావెక్కి తగ్గుతోంది. లింకులు తీసీ వేసీ ఈ తేడాని పట్టుకోలేం. ఒకటి తీస్తే బిగుతు, ఉంచితే వదులు.

ఈ సగం లింకు సంగతి చూసుకోవడానికే లాకు అంచున ఆ చిన్న రంధ్రాలు పెట్టారు. మామూలు మడత లాకు ఉన్న చైను తిప్పి చూడండి. లాకు పక్కగోడల మీద వరసగా మూడో నాలుగో అయిదో చిల్లులు కనిపిస్తాయి. చైను ఆఖరి లింకుని లాకుకి కలిపే స్ప్రింగు పిన్ను ఆ చిల్లుల్లో ఒక దాంట్లో కూర్చుని ఉంటుంది. ఒక చిల్లు నుంచి పక్క చిల్లుకి జరిపితే చైను రెండు మూడు మిల్లీమీటర్లు పెరుగుతుంది, లేదా తగ్గుతుంది. దీనికి కొట్టుకి కూడా వెళ్లక్కర్లేదు. చిల్లులోంచి కనబడే పిన్ను కొసని పంటిపుల్లతోనో సన్నటి సూదితోనో లోపలికి నొక్కి, ఆ వైపు లింకుని కొంచెం పక్కకి తప్పించి, కొత్త చిల్లు దగ్గర వదిలితే టిక్కుమని కూర్చుంటుంది. ఒక్క జాగ్రత్త. అది స్ప్రింగు, చేతిలోంచి జారితే ఎగిరి ఎక్కడ పడుతుందో దేవుడికే తెలియాలి. నేనైతే చేతులూ వాచీ రెండూ ఒక పారదర్శకమైన ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని చేస్తాను. చూడ్డానికి కోడిగుడ్డు ఆమ్లెట్ కవర్లో వేసుకుంటున్నట్టు ఉంటుందని మా ఇంట్లో నవ్వుతారు గానీ, ఇప్పటిదాకా ఒక్క స్ప్రింగు పోలేదు. జరిపాక రెండు వైపులా కొసలు చిల్లులోంచి బయటికి వచ్చాయో లేదో చూసి, చైనుని ఒకసారి గట్టిగా లాగాలి.

ఇక లెక్క. కొట్టు నుంచి వచ్చే చైనులో సాధారణంగా స్ప్రింగు పిన్ను ఏ చిల్లులో ఉందో ఎవరూ పట్టించుకోరు, అసలు తప్పు మొదలయ్యేది అక్కడే. ఉదాహరణకి అయిదు చిల్లుల లాకు, పిన్ను మధ్య చిల్లులో ఉంది, చిల్లుకీ చిల్లుకీ రెండున్నర మిల్లీమీటర్లు, లింకు 9 మిల్లీమీటర్లు అనుకుందాం. మీ చేతికి మొత్తం 23 మిల్లీమీటర్లు తగ్గాలి. రెండు దారులున్నాయి. రెండు లింకులు తీసి (18) పిన్నుని రెండు చిల్లులు లోపలికి జరిపితే (5) సరిగ్గా 23. లేదా మూడు లింకులు తీసి (27) పిన్నుని రెండు చిల్లులు బయటికి జరిపితే 22. చేతికి పెట్టుకుంటే రెండూ ఒకేలా ఉంటాయి. ఒక మిల్లీమీటరు తేడా ఎవరికీ తెలియదు. కానీ మొదటి దాంట్లో పిన్ను బిగుతు కొసకి చేరింది, ఇంక బిగించడానికి చోటు లేదు, వదులు చేయడానికి నాలుగు చిల్లులున్నాయి. రెండో దాంట్లో సరిగ్గా తలకిందులు.

ఏది మేలు? మీరు ఎప్పుడు కొలిపించుకున్నారన్నదే దానికి జవాబు. డిసెంబరు పొద్దున్నే, చెయ్యి సన్నగా ఉన్నప్పుడు కొలిపించుకుంటే వదులు చేసుకోవడానికి చోటు కావాలి, కాబట్టి మొదటి దారి. మే నెల మధ్యాహ్నం, చెయ్యి ఉబ్బి ఉన్నప్పుడు కొలిపించుకుంటే అంతకన్నా పెద్దదయ్యే అవకాశం తక్కువ, బిగించుకోవడానికి చోటు ఉండాలి, కాబట్టి రెండోది. "పిన్ను మధ్య చిల్లులో ఉంచండి" అని అందరూ చెప్పే సలహా చెడ్డది కాదు, ఏ కాలమో తెలియనివాడికి చెప్పడానికి అది పనికొస్తుంది. మీకు కాలం తెలుసు కదా. నా మాట వింటే, కొట్టుకి పొద్దున కాకుండా మధ్యాహ్నం వెళ్లండి. నడిచి వెళ్లండి, వెళ్లిన వెంటనే కొలిపించుకోండి, ఏసీ ముందు అరగంట కూర్చున్నాక కాదు.

ఎన్ని లింకులు తీయాలో కంటికి తెలియాలంటే వాచీ పెట్టుకుని, చెయ్యి తిప్పి, కింద వేలాడుతున్న చైనుని రెండు వేళ్లతో మడిచి పట్టుకోవాలి. ఆ మడతలో ఎన్ని లింకులు ఒకదానికొకటి తగులుతున్నాయో అవి మిగులు. అన్నీ తీసేయకూడదు. ఆఖరి లింకు విషయంలో అనుమానం ఉంటే ఉంచేయండి, చిల్లులు ఉన్నవి దానికే. తీసిన లింకు మళ్లీ పెట్టించుకోవడానికి ఎవరూ కొట్టుకి వెళ్లరు, బిగుతుగానే ఏడాది భరిస్తారు.

తీసేది ఎన్ని అన్నది తేలినా, ఏ వైపు నుంచి తీయాలన్నది ఉంటుంది. దీన్ని చాలా కొట్లలో గాలికొదిలేస్తారు. ఎడం చేతికి పెట్టుకుంటే 12 అంకె వైపు చైను చిటికెనవేలి పక్కనుంచి, 6 అంకె వైపు చైను బొటనవేలి పక్కనుంచి కిందికి దిగి లాకు దగ్గర కలుస్తాయి. లాకు అరచేతి కింద నడిమధ్యన ఉండాలి. ఏ వైపు లింకు తీస్తే లాకు ఆ వైపుకి జరుగుతుంది. ఇంతే సూత్రం. రెండు లింకులూ 6 వైపే తీసేస్తే లాకు బొటనవేలి పక్కకి ఎక్కి కూర్చుంటుంది. లాకు గట్టి పలక, చైనులా వంగదు. అది పక్క ఎముక మీదికి వెళ్తే అక్కడ ఒరుసుకుంటుంది, పైన డయలు కూడా సరిగ్గా నిలబడక పక్కకి వాలుతుంది. బల్ల మీద చెయ్యి పెట్టి టైపు చేసేవాళ్లకి ఇది మొదటి రోజే తెలిసిపోతుంది, టక్కుటక్కుమని లాకు బల్లకి తగులుతూ ఉంటుంది. కాబట్టి సరి సంఖ్య అయితే చెరి సగం. బేసి అయితే మిగిలిన ఒక్కదాన్ని 6 వైపు తీయడం చాలామంది అలవాటు. అలవాటు సరే, తీశాక చెయ్యి తిప్పి చూసుకోవాలి. లాకు బొటనవేలి వైపు జరిగి ఉంటే 6 వైపు ఒక లింకు తిరిగి పెట్టి 12 వైపు ఒకటి తీయమనండి. పొడవు మారదు, చోటు మారుతుంది.

ఇప్పుడు పిన్నుల దగ్గరికి వద్దాం. ఇక్కడ నాకు స్వానుభవం ఉంది కాబట్టి కొంచెం ఎక్కువ చెప్తాను.

కొన్నేళ్ల కిందట జపాన్ వాచీ ఒకటి కొని, దారిలో కనబడ్డ ఒక చోట లింకులు తీయించాను. పది నిమిషాల పని, అంతా బాగానే ఉంది. నెల తిరక్కుండా ఓ సాయంత్రం బీచ్ రోడ్డులో కురుసుర సబ్‌మెరైన్ ఎదురుగా బఠాణీల పొట్లం అందుకోబోతుంటే వాచీ చేతిలోంచి జారి పేవ్‌మెంటు మీద పడింది. లాకు వేసే ఉంది. తెగింది చైను మధ్యలో. ఒక పిన్ను తనంతట తానే జారి ఎక్కడో పడిపోయింది. అద్దానికి ఏమీ కాలేదు, అంచు మాత్రం సొట్టపోయింది. ఆ సొట్ట ఇప్పటికీ ఉంది.

వన్‌టౌన్‌లో ఓ పాత మెకానిక్కు దగ్గరికి పట్టుకెళ్లాను. కంటికి భూతద్దం పెట్టుకుని తెగిన లింకులోకి చూసి, "ఎవులు సేసినారు బాబూ ఇది? బుష్షు ఏదీ?" అన్నాడు.

"బుష్షేమిటి బాబాయ్?"

మాట్లాడకుండా ఇంకో లింకు ఇప్పాడు. సన్నటి సుత్తితో రెండు దెబ్బలు కొట్టగానే పిన్ను బయటికొచ్చింది. దాని వెనకే, మధ్య లింకులోంచి ఒక చిన్న గొట్టం రాలి తెల్లగుడ్డ మీద పడింది. ఆవగింజ కన్నా కొంచెం పెద్దది, అంతే. గుడ్డ మీద పడింది కాబట్టి కనబడింది, నేల మీద పడి ఉంటే చీపురుకి కూడా దొరికేది కాదు.

సీకో, సిటిజెన్ చైనుల్లో చాలావాటికి ఈ ఏర్పాటు ఉంటుంది. పిన్ను నున్నగా ఉంటుంది, పక్క లింకుల రంధ్రాల్లో స్వేచ్ఛగా కదులుతుంది. దాన్ని పట్టి ఉంచేది మధ్య లింకులో కూర్చున్న ఆ గొట్టం ఒక్కటే. దాంట్లోంచి పిన్ను బిగుతుగా దూరుతుంది, ఆ బిగుతే తాళం. గొట్టం లేకుండా పిన్ను పెట్టినా చైను చూడ్డానికి బాగానే ఉంటుంది, కొన్నాళ్లు ఆగుతుంది కూడా, చేతి కదలికకి కొంచెం కొంచెంగా జరిగి ఒకరోజు పడిపోతుంది. అందుకే లింకు తీసేటప్పుడు మెకానిక్కు చేతికిందకి ఏం పరిచాడో చూడండి. పిన్ను తిరిగి కొట్టేటప్పుడు చివర్లో గట్టిగా తగులుకుంటూ వెళ్లాలి. వేలితో నెట్టితే దూరిపోతే అది బిగియనట్టే.

రెండో రకం చీలిక పిన్ను. ఒక కొస గట్టిగా, ఇంకో కొస నిలువునా చీలి కొంచెం విచ్చుకుని ఉంటుంది. ఆ విచ్చుకున్న కొసే రంధ్రం గోడలని ఒత్తిపట్టి పిన్నుని ఆపుతుంది. చైను లోపలి వైపు కొన్ని లింకుల మీద చెక్కిన బాణం గుర్తులుంటాయి చూడండి, పిన్నుని ఏ దిక్కుకి తోసి తీయాలో అవి చెప్తాయి. పెట్టేటప్పుడు బాణానికి ఎదురుగా, గట్టి కొస ముందు, చీలిక కొస ఆఖరున. తిప్పి కొడితే పిన్ను వంగుతుంది, లేదా లింకు రంధ్రం వదులవుతుంది. పనిలో పనిగా ఇంకో మాట, బాణం ఉన్న లింకులు మాత్రమే తీయడానికి వీలైనవి. డయలు దగ్గరవి ఊడి రావు. చెయ్యి బాగా సన్నగా ఉన్నవాళ్లు కొనేముందే ఆ బాణాలు లెక్కపెట్టుకోవాలి. ఊడే లింకులన్నీ తీసినా వదులైతే ఆ వాచీ వాళ్లది కాదు.

ఖరీదైన చైనులకి పిన్ను బదులు స్క్రూలుంటాయి. ఇంట్లో చేద్దామని కళ్లజోడు స్క్రూడ్రైవర్ పట్టుకునేవాళ్లకి ఒక హెచ్చరిక. ఆ స్క్రూలకి చాలాసార్లు ఊడకుండా జిగురు వేసి ఉంటారు, సరైన మందం లేని డ్రైవర్ జారితే లింకు మీద జన్మలో పోని గీత పడుతుంది. హెయిర్ డ్రయ్యరుతో కాసేపు వేడి చేస్తే జిగురు మెత్తబడుతుంది. అయినా నేను ఈ పని కొట్టుకే వదిలేస్తాను.

సీతాకోకచిలుక రెక్కల్లా రెండు వైపులా తెరుచుకునే లాకు చూడ్డానికి అందంగా ఉంటుంది, మూస్తే ఎక్కడ అతుకుందో కనబడదు. పెళ్లికొడుకులకి పెట్టే వాచీల్లో ఇవి ఎక్కువ. దానికి చిల్లులుండవు. సగం లింకు విడిగా ఇస్తే సరే, లేకపోతే మే నెలకీ డిసెంబరుకీ ఒకే కొలత. ఉక్కలో తిరిగే ఉద్యోగమైతే నేను దాన్ని కొనమని చెప్పను. దీనికి అవతలి కొసన రోలెక్స్ గ్లైడ్‌లాక్ ఉంది, పనిముట్టు లేకుండా రెండేసి మిల్లీమీటర్ల చొప్పున 20 మిల్లీమీటర్ల దాకా జరుపుకోవచ్చు. ట్యూడర్ టీ-ఫిట్‌లో 8 మిల్లీమీటర్లు. ఆ ఖరీదు మన అందరికీ అందేది కాదు గానీ, నా దారానికి దొరికిన ఆ అయిదు మిల్లీమీటర్లు వాటికి ఒక లెక్కే కాదు. జల్లెడలా అల్లిన చైనుకి, స్మార్ట్ వాచీలకి వచ్చే అయస్కాంతం పట్టీకి ఈ గొడవే లేదు, ఎక్కడ కావాలంటే అక్కడ ఆగుతుంది. తాతల కాలం నాటి సాగే చైను గురించి చేతి వెంట్రుకలున్న ఏ మగవాణ్ణడిగినా చెప్తాడు.

ఇంతా చేశాక సరిపోయిందో లేదో ఎలా తెలుస్తుంది? లాకు కింద చిటికెనవేలి కొస కష్టపడకుండా దూరాలి. చెయ్యి పైకెత్తి దులిపితే వాచీ కొంచెం కదలాలి గానీ, మోచేతి వైపు పరుగెత్తకూడదు. కిందికి వేలాడేస్తే మణికట్టు పక్కనున్న ఎముక బుడిపె దగ్గర ఆగాలి, దాటి అరచేతి మీదికి దిగకూడదు. వదులైతే సుఖమే కదా అనుకునేవాళ్లకి చెప్పేదేమంటే, వదులు చైనులో బరువైన డయలు ఎప్పుడూ చేతి బయటివైపుకి తిరుగుతుంది, కిరీటం, అంటే టైము తిప్పే పక్క మర, చేతి వెనకవైపు పొడుస్తుంది, తలుపు గుమ్మానికి తగిలేది అదే. చెయ్యి వంచినప్పుడల్లా చైను ఊగి పిన్నులు త్వరగా అరుగుతాయి. నాడి కొలిచే స్మార్ట్ వాచీ అయితే వెనక అద్దం చర్మానికి ఆనాలి, దానికి మాత్రం ఒక్క చిల్లు బిగుతుగానే ఉంచండి.

"చైను సాగిపోయిందండి" అని పాత వాచీలు తెచ్చేవాళ్లుంటారు. ఉక్కు సాగదు. లింకుల సందుల్లో చెమట, చర్మం పొట్టు, సముద్రపు ఇసుక కలిసి నల్లటి ముద్దవుతుంది, అది ఆకురాయిలా పిన్నుని, రంధ్రాన్ని అరగదీస్తుంది. ఒక్కో అతుకు దగ్గర అరగింది కంటికి ఆనదు, ఇరవై అతుకుల్లో కలిపితే ఒక చిల్లు మేర వదులు. మన ఊళ్లో ఇంటి గ్రిల్లులు ఎంత తొందరగా తుప్పు తింటాయో తెలుసు కదా. మంచి వాచీ చైనుల్లో వాడే 316ఎల్ స్టెయిన్‌లెస్‌లో రెండు మూడు శాతం మాలిబ్డినం ఉంటుంది కాబట్టి ఉప్పుకి చాలావరకు తట్టుకుంటుంది. (స్టీల్ ప్లాంటు ఊరు కదా, మన ఉక్కేనా అని ఒకాయన నన్నడిగారు. కాదు, గాజువాక దగ్గర తయారయ్యేది ఇళ్లకీ వంతెనలకీ వెళ్లే కడ్డీలూ చుట్టల తీగా, ఇది వేరే ఉక్కు.) కానీ సందుల్లో ఉప్పునీరు ఆరి నిలిచిపోతే అక్కడ 316ఎల్‌కి కూడా గుంటలు పడతాయి. బీచ్ నుంచి వచ్చాక చైనుని మంచినీళ్లలో కడిగి, నెలకోసారి పాత టూత్‌బ్రష్షుతో గోరువెచ్చని సబ్బునీళ్లు పెట్టి రుద్దితే చాలు. కిరీటం లోపలికి నొక్కి ఉండాలి, వాచీ నీళ్లకి ఆగేదై ఉండాలి.

తీసిన లింకులు, పిన్నులు, ఆ ఆవగింజ గొట్టాలు అడిగి తెచ్చుకోండి. చాలామంది కౌంటర్ మీదే వదిలేస్తారు. మా నాన్నగారు హెచ్‌ఎంటీ కొన్నప్పుడు తీసిన రెండు లింకులని అమ్మ పాత కుంకుమ భరిణెలో వేసి బీరువాలో పెట్టింది. ఆయన చెయ్యి సన్నం, నాది ఆయనకన్నా లావు. వాచీ నా దగ్గరికి వచ్చాక వన్‌టౌన్ బాబాయ్ ఆ రెండూ కలిపిచ్చాడు, 6 వైపొకటి, 12 వైపొకటి. మిగతా చైను అంతా గీతలు పడి మసకబారింది. ఆ రెండు మాత్రం కొత్తవాటిలా మెరుస్తున్నాయి, ఒకదాని సందులో ఇంకా కొంచెం కుంకుమ ఉంది.